కొలతలు తీసుకోని జుబ్బా

డిసెంబరు వచ్చిందంటే
నల్లచెరువు మూడో లైన్లో
నా కుట్టుమిషనుకి నిద్రుండదు.
గోడ మేకులకు వేలాడే సంచుల్లో
పేట పేటంతా ఉంటుంది:
ఎస్తేరక్క జాకెట్టు ముక్క,
కృపావరం మాస్టారి తెల్ల పాంటు గుడ్డ,
మిర్చియార్డులో తొడిమలు తీసే దయామణి
వారానికి వంద చొప్పున కట్టి కొన్న
ముగ్గురు పిల్లల గౌన్ల తాను.
ఆ తాను విప్పితే ఇంకా ఘాటే.
తుమ్ముతూ కత్తిరిస్తాను.

"ఎప్పుడిస్తావు?"
"ఇరవై నాలుగు సాయంత్రం."
"పోయినేడూ అదే అన్నావు."
"పోయినేడూ ఇచ్చానుగా!"
ఇచ్చాను, రాత్రి పదకొండున్నరకి,
గుడి మెట్ల మీద కూర్చుని గుండీలు కుట్టి.

మొన్న ఆగమన ఆదివారం పాస్టరు గారు
కనిపెట్టుకొని ఉండండి అన్నారు.
మా చిన్నోడు నా చెవిలో
"ఏం కనిపెట్టాలమ్మా, బల్బా?"
నవ్వు ఆగక
పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నా.

వారమంతా ఆ మాట
బాబిన్లో దారంలా తిరుగుతూనే ఉంది.
వాడి బళ్ళో కనిపెట్టడమంటే
ఎవరూ చూడనిది ముందుగా చూడటం.
మా అమ్మ నీళ్ళకెళ్తూ
"పొయ్యిమీద పాలు కనిపెట్టుకోవే" అనేది,
పొంగేదాకా కళ్ళు తిప్పొద్దని.
గుళ్ళో అయితే ఎదురుచూడటం.
ఆ మాట మొదట్లోనే
కనడం కూడా ఉందని
నిన్న కాజా కుడుతుంటే తట్టింది.
పాస్టరు గారికైతే దీంతో గంట ప్రసంగం,
నాకు గంట ఎక్కడిది?

బట్టల మూటల మధ్య నవారు మంచం మీద
నా చెల్లెలు సుగుణ.
పెళ్ళైన పదకొండేళ్ళకి
నెలలు నిండాయి.
పెద్దాసుపత్రి చీటీలో ఇరవయ్యేడని రాశారు.
"పండక్కే వస్తుంది చూడు" అంటుంది అది,
బస్సు టైము చెప్పినంత ధీమాగా.

గౌను గుడ్డలో మిగిలిన మెత్తటి తెల్ల ముక్క
దయామణినడిగి ఉంచుకున్నాను.
పక్కింటి సాంబ్రాజ్యం చూసేసింది.
"పుట్టకముందే గుడ్డలు కుట్టకూడదే, కీడు."
కత్తెర ఆగిపోయింది.
నేనూ ఎందరికో చెప్పిన మాటే.
భయం కూడా కులవిద్యలాంటిదే,
చేతికి తెలియకుండా చేతిలో ఉంటుంది.

అయితే, ఆ నజరేతు పిల్ల
బెత్లెహేముకి నిండు కడుపుతో బయల్దేరినప్పుడు
పొత్తిగుడ్డలు మూట కట్టుకునే ఉంటుందిగా!
పశువుల పాకలో అప్పటికప్పుడు ఎవరిస్తారు?
ఆ అంచులు ఎవరు మడిచి కుట్టారో
ఎక్కడా రాయలేదు.
ఏ పక్కింటామె వద్దందో
అదీ రాయలేదు.

కత్తెర మళ్ళీ పట్టాను.
ఇరవయ్యేళ్ళలో కొలత లేకుండా
ఒక్క గుడ్డా కోయలేదు నేను.
చూడని భుజానికి ఎంత వదలాలి?
చెయ్యి నా బొటనవేలంత ఉంటుందా?
సుగుణ నవ్వి
టేపు తీసి పొట్ట మీద పెట్టుకుంది.
లోపల్నించి ఒక్క తన్ను.
టేపు జారి కింద పడింది.
ఇద్దరం నవ్వాం,
ముగ్గురమేమో.

పక్క కుట్ల లోపల గుడ్డ ఎక్కువే వదిలాను,
పెరిగితే విప్పుకోవచ్చు.
నాడాలు మాత్రం కుట్టలేదు,
సాంబ్రాజ్యం మాటకి ఆ మాత్రం మర్యాద.
అవి తర్వాత,
ఏడుపు వింటూ కుట్టాలి.

కరెంటు పోయి వచ్చింది.
వెదురు గెడ చివర కాగితం నక్షత్రం
రెండుసార్లు మిటకరించి నిలబడింది.
ఏటుకూరు రోడ్డు వైపు కంజీర చప్పుడు,
కేరల్స్ వాళ్ళు బయల్దేరినట్టున్నారు.
మన లైనుకి రావడానికి ఇంకా గంట పడుతుంది.
సుగుణ అప్పుడే లేచి
జడ వేసుకుంటోంది.

మాస్టారి పాంటు ఇంకా మొదలే పెట్టలేదు.
ముందు సూదికి దారం ఎక్కించి
జుబ్బా మెడ దగ్గర గుచ్చి ఉంచాను.